కోపం సభకొచ్చింది, ఓటుకు రాలేదు

సౌండ్ సర్వీసు పెట్టుకుంటున్నామని చెప్పడానికి వచ్చే పిల్లలు నన్ను రెండే ప్రశ్నలు అడుగుతారు. ఏ కంపెనీ యాంప్లిఫయర్ కొనాలి, గొంతు పోకుండా ఏం తాగాలి. మొదటిదాని గురించి దుకాణంవాడు నాకంటే నమ్మకంగా అబద్ధం చెబుతాడు. రెండోదానికి జవాబు వేడినీళ్లు. మైకులో చెప్పింది విన్న మనిషి ఆ తర్వాత ఏం చేస్తాడని మాత్రం ఇంతవరకు ఒక్కడూ అడగలేదు. ఈ పనిలో నేర్చుకోవలసింది అదొక్కటే. మిగతాదంతా తీగలు, బ్యాటరీలు.

అరవైల నడుమ నుంచి ఎనభైల చివరిదాకా నేను నాందేడ్ గల్లీల్లో మూడు భాషల్లో అరిచాను. కొత్త సినిమా, తప్పిపోయిన పిల్లవాడు, నల్లా నీళ్లు రాని రోజు, కలరా సూదులు, సభలు, ఎన్నికలు. మొదట టాంగాలో, తర్వాత సైకిల్ రిక్షాలో. ఎక్కడో బాంబు పేలిన ప్రతిసారీ "ప్రజల గుండెల్లో అగ్ని రగిలింది" అని పత్రికల వాళ్లు రాస్తారు. ఆ అగ్నిని నేను వేదిక కింద కూర్చుని దగ్గర నుంచి చూశాను. భోజనాల వేళకు ఆరిపోయేది.

చదువు గురించి ఒక మాట

నేను బడిలో చదివింది తక్కువ. మా ఊరి వాచనాలయంలో, అంటే లైబ్రరీలో, చదివింది ఎక్కువ. మరాఠీ, ఉర్దూ పుస్తకాలు నేరుగా, ఇంగ్లీషువి నిఘంటువు పక్కన పెట్టుకుని. దీనికి నేను సిగ్గుపడను, కొంచెం గర్వపడతాను కూడా. టెర్రర్ అనే మాట రాజకీయాల్లోకి వచ్చిన కొత్తలో దాక్కుని బాంబులు వేసేవాళ్లకు పేరు కాదనీ, ఫ్రాన్సు విప్లవంలో గద్దె మీద ఉన్నవాళ్లు జనం తలలు నరికించిన పాలనకు పేరనీ నాకు ఆ వాచనాలయమే చెప్పింది. ఈ సంగతి నేను ఇద్దరు ముగ్గురు నాయకులకు చెప్పి చూశాను. వాళ్లు నా వైపు కాకుండా గడియారం వైపు చూశారు.

గ్రీకుల సంగతి కూడా అక్కడే చదివాను. వాళ్ల సభ ఒకరోజు కోపంలో, తిరగబడిన ఒక దీవిలోని మగవాళ్లందరినీ చంపమని తీర్మానించి పడవ పంపింది. మర్నాడు కోపం దిగాక మళ్లీ కూర్చుని, ఆ పని ఆపమని రెండో పడవను పంపింది. రెండో పడవ సమయానికి చేరింది. మా ఊళ్లో మొదటి పడవ పంపడానికి అందరూ వస్తారు. రెండోదానికి తెడ్డు పట్టేవాడు దొరకడు.

హల్గీ వేరు, రికార్డు వేరు

మా పనిలో ఒక పద్ధతి ఉండేది. సినిమాకు, దుకాణానికి, ఎన్నికకు ముందు ఒక రికార్డు వేసేవాళ్లం. సర్కారు హెచ్చరికకు మాత్రం హల్గీ, అంటే డప్పు. పాతకాలపు దవండి, అంటే దండోరా, దెబ్బనే మైకు ముందు కొట్టేవాణ్ణి. పాట వినిపిస్తే ఆడవాళ్లు వాకిట్లోకి వచ్చేవాళ్లు. హల్గీ వినిపిస్తే చేతిలో పని ఆపేవాళ్లు. ఏ గల్లీలో ఏ భాష ముందు రావాలన్నది కూడా అంతే ముఖ్యం. ముందు వచ్చిన భాషవాళ్లు ఆ కబురు తమదనుకుంటారు, వెనక వచ్చిన భాషవాళ్లు తమ గురించి అనుకుంటారు.

అరవైల యుద్ధం రోజుల్లో, సైరన్ మోగితే దీపాలు ఆర్పమని చెప్పే పని నాకు వచ్చింది. నేను హల్గీ కొట్టగానే గల్లీ మొత్తం దీపాలు ఆర్పేసి కూర్చుంది. "సైరన్ మోగితే" అన్న మాట ఎవరికీ చేరలేదు. చీకట్లో అరుస్తూ పోయాను. భయపడ్డ చెవి మొదటి దెబ్బ దగ్గరే ఆగిపోతుంది. మాటల దాకా రాదు.

మా శేట్ రాజన్న కిరాణా దుకాణంలోంచి సౌండ్ సర్వీసులోకి వచ్చిన మనిషి. మాటను కూడా పప్పులా తూచి అమ్మవచ్చని ఆయన నమ్మకం. ఈ సంగతి చెబితే, "ఇన్నరు కద, దీపాలార్పిన్రు కద, ఇంకేంది నీ బాధ?" అన్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆయన అక్కడే ఉన్నాడు.

సంతాప సభ

ఎనభైల నడుమ ఉత్తరాదిన ఒక నగరంలో బస్సుల్లో బాంబులు పెట్టారు. పంజాబ్ తీవ్రవాదుల పని అని రేడియో చెప్పింది. చనిపోయినవాళ్లలో బడికి పోయే పిల్లలున్నారు. విన్నవాడెవడికైనా కడుపు రగిలే సంగతే, నాకూ రగిలింది. అప్పుడు మా మున్సిపాల్టీ ఎన్నికలు దగ్గరపడ్డాయి.

మా వార్డులో నిలబడ్డ మనిషిని అందరూ భావూసాహెబ్ అనేవాళ్లు. ముఖేడ్ వైపు నుంచి వచ్చి నాందేడ్‌లో స్థిరపడ్డాడు, మాతో తెలుగులోనే మాట్లాడేవాడు. ఆయన మీద పోటీకి నిలబడింది ఒక రిటైరైన టీచరమ్మ. వార్డులో ఒకవైపు కోమట్ల దుకాణాల గల్లీ, భావూసాహెబ్ బలమంతా అక్కడే. ఇంకోవైపు సర్దార్ల గల్లీ. తరాల నుంచి ఇక్కడే ఉంటూ దక్కనీ ఉర్దూ మాట్లాడే సిక్కు కుటుంబాలు. ఆ గల్లీ తనకు ఓటెయ్యదని భావూసాహెబ్ ఎందుకో తీర్మానించుకున్నాడు.

బాంబుల వార్త వచ్చిన వారంలోనే ఆయన చౌక్‌లో సంతాప సభ పెట్టాడు. నేను ఆ చౌక్‌లో అంత జనాన్ని అంతకుముందు చూడలేదు. లౌడ్‌స్పీకర్ హారన్ ఒకటి గరగరమంటుంటే జోగిందర్ సింగ్‌ను పిలిపించాను. జోగిందర్ మోటార్లు రివైండింగ్ చేసేవాడు, మా హారన్ల కాయిల్స్ కూడా ఆయనే చుట్టేవాడు, నాకు స్నేహితుడు. వేదిక కింద నా పక్కన కూర్చుని, ఊడిపోతున్న తీగను వేళ్లతో పట్టుకుని ఉన్నాడు.

భావూసాహెబ్ కళ్లు తుడుచుకుని, "గా రాక్షసుల దోస్తులు గాడ దూరాన్నే ఉన్నరనుకోకుండ్రి. మన నడుమనే తిరుగుతున్నరు, మన నీళ్లే తాగుతున్నరు!" అన్నాడు.

తలకాయలన్నీ మా వైపు తిరిగాయి. నా వైపు కాదు, జోగిందర్ తలపాగా వైపు.

జోగిందర్ నా చెవిలో, "గంగారాం భాయ్, ఈ తీగె ఇడిస్తే సాబ్ నోరు బందయితది. ఇడువాల్నా?" అన్నాడు.

"ఇడువకు. మా శేట్ నా నోరు బంద్ జేస్తడు."

నవ్వాడు. కాని తీగ వేళ్లలోంచి జారింది, హారన్ మళ్లీ గరగరమంది.

తర్వాత గిన్నెల దుకాణం లక్ష్మీపతి శేట్ వేదికెక్కి, మైకును దాదాపు నోట్లో పెట్టుకుని, "దేశం అడుగుతె నా పాణమిస్త! ఇప్పుడంటె ఇప్పుడిస్త!" అని అరిచాడు. చప్పట్లు. ప్రాణమిస్తానన్నవాణ్ణి ఎవరూ తేదీ అడగరు, అందుకే ఈ మాట సభల్లో అంత చవక. నేను ఇన్నేళ్లలో ఎన్ని సభల్లో ఎంతమంది ప్రాణాలు ఇవ్వడం విన్నానో, అందరూ మర్నాడు పొద్దున్న దుకాణాల్లో కూర్చుని కనిపించేవాళ్లు.

మర్నాడు జోగిందర్ దుకాణం షట్టర్ మీద రాళ్లు పడ్డాయి. మోటార్లు ఇచ్చినవాళ్లు వచ్చి సగం చుట్టినవాటినే ఎత్తుకుపోయారు. ఒకడు, "నిన్నేం అంటలేము సర్దార్జీ, ఇంట్లోళ్లు భయపడుతున్రు" అని చెప్పి మరీ పోయాడట. జోగిందర్ తల్లిని తీసుకుని, ఈ ఓట్ల వేడి చల్లారేదాకా నిజామాబాద్‌లో అక్క దగ్గర ఉంటానని నాతో అన్నాడు. "అయిపోయినంక మళ్ల ఒస్తవ్ కద?" అని అడిగాను. తల ఎత్తకుండా కాయిల్ చుట్టుకుంటూ పోయాడు. ఒకసారి పోతే మళ్లీ రాడని నాకు ఆ నిమిషంలో తెలిసింది.

రొట్టెల డబ్బా

అదే వారం పోలీసు ఫౌజుదార్ మా శేట్‌కు కాగితం పంపాడు. దిక్కులేని సంచి, ట్రాన్సిస్టర్, టిఫిన్ డబ్బా ఎక్కడ కనిపించినా ముట్టవద్దు, పోలీసులకు చెప్పాలి. మంచి హెచ్చరికే. రోజూ పొద్దున సాయంత్రం హల్గీ కొట్టి చదివాను.

బస్టాండులో ఒక డబ్బా కనిపించింది. నిమిషంలో బస్టాండు ఖాళీ. చుట్టూ దూరంగా పెద్ద గుంపు. ఫౌజుదార్ ఒక స్తంభం వెనక నుంచి హుకుములు ఇస్తున్నాడు. అప్పుడు ముఖేడ్ బస్సు కోసం వచ్చిన ఒక రైతు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"అరే, గది నా డబ్బ! రొట్టె, ఠేచా ఉన్నయి అండ్ల!"

"నీదైతే నువ్వే తెరువు!" అన్నాడు ఫౌజుదార్ స్తంభం వెనక నుంచే.

"తెరువక ఏం జేస్త, ఆకలైతుంది."

తెరిచి, అక్కడే చతికిలబడి తిన్నాడు. తన భోజనాన్ని అంతమంది అంత శ్రద్ధగా చూడటం ఆయనకు అదే మొదటిసారి అయి ఉంటుంది. పచ్చిమిరప ఠేచాకు ఆయన దగ్గితే ముందు వరుస వెనక్కి జరిగింది.

అందరూ నవ్వుకుంటూ ఇళ్లకు పోయారు. ఆ నవ్వినవాళ్లలో సాయంత్రం ఆటకు టికెట్లు కొన్నవాళ్లు కూడా సినిమాకు పోలేదు. కొన్నాళ్లకు నేను గల్లీ మొదట్లో హల్గీ మీద చెయ్యి వేస్తే చాలు, లోపల గొళ్లాలు పడే చప్పుడు వినిపించేది. సభలో చెయ్యి ఎత్తి అరిచిన మనిషీ, గొళ్లెం పెట్టిన మనిషీ ఒక్కడే. ఈ రెండింటి మధ్య ఎన్నిక రాబోతోందని నాయకులెవరికీ తట్టలేదు.

భావూసాహెబ్ ఉపాయం

ఓటు ముందురోజు భావూసాహెబ్ మా శేట్ దుకాణానికి వచ్చాడు. ప్రచారం బంద్ అయింది కాబట్టి పేరు చెప్పకుండా, ఓటెయ్యమని మాత్రం చాటించాలని ఆయన ఆలోచన, అదీ కోమట్ల గల్లీలో.

"పండిత్, సభకు ఎంత మంది అచ్చిన్రు, చూసినవ్ కద?" అన్నాడు నాతో. లైబ్రరీకి పోతానని నన్ను పండిత్ అనేవాళ్లు. గౌరవంతో కాదు.

"చూసిన సాహెబ్."

"గా మందంత రేపు ఓటుకు రావాలె. రికార్డు గికార్డు వద్దు, హల్గీ కొట్టు. హల్గీ అంటె అందరు చెవి పెడ్తరు."

"చెవి పెడ్తరు, తలుపు గూడ పెడ్తరు సాహెబ్. ఇన్ని దినాల సంది హల్గీ అంటె బాంబు కబురే. రేపు హల్గీ కొట్టి ఓటుకు బడికి రమ్మంటె, బడిల బాంబున్నదనుకుంటరు."

భావూసాహెబ్ పగలబడి నవ్వాడు. "శేట్, నీ మనిషి పుస్తకాలు సదివి ఖరాబైండు."

"లైబ్రరీల పుస్తకాలు ఊకె ఇస్తరు సాహెబ్, గందుకే సదువుతడు" అన్నాడు రాజన్న శేట్.

తర్వాత అసలు సంగతి బయటికొచ్చింది. సర్దార్ల గల్లీలో ఓటు మాట ఎత్తకూడదు. పొద్దున్నే అక్కడ ఫౌజుదార్ కాగితం చదివి చివర ఒక మాట కలపాలి. ఇయ్యాల ఖత్రా, అంటే అపాయం, ఎక్కువున్నది, జనం జమయ్యే చోటికి పోవద్దు, ఆడోళ్లు, ముసలోళ్లు ఇంట్లనే ఉండాలె.

"గా మాట కాగితంల లేదు సాహెబ్" అన్నాను.

"లేదు గాబట్టే కలుపుమంటున్న."

"కాగితంల లేంది నేను సదువ."

శేట్ ముఖం ఎర్రబడింది. "నీకు గొంతుకు పగారిస్తున్ననా, దిమాగుకా?"

"గొంతుకే శేట్. గందుకే గొంతు నాది జెర జాగ్రత్తగ వాడుకుంట."

"అయితె గా గల్లీకి నేనే పోత. నోరు నీకొక్కనికే ఉన్నదా?"

నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. దయతో కాదు, మూడు భాషలు చదివేవాడు ఇంకొకడు దొరకడు కాబట్టి. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు చెబుతున్నాను. పక్కవాడికి రాని పని ఒకటి నేర్చుకోండి. నిజాయితీగా ఉండటానికి అంతకంటే నమ్మకమైన ఆధారం నాకు కనబడలేదు.

మైకువాడు ఒక గడపలో విన్నది ఇంకో గడపకు మొయ్యకూడదు. అది మా వృత్తి మర్యాద. ఆ సాయంత్రం దాన్ని తప్పి జోగిందర్ ఇంటికి పోయాను. దానికి నాకు ఇప్పటికీ విచారం లేదు. వాకిట్లో పరుపుచుట్టలు కట్టి ఉన్నాయి. జోగిందర్ తల్లిని గల్లీ అంతా మాజీ అనేది, అమ్మగారూ అన్నట్టు. సన్నటి మనిషి, మోకాళ్ల నొప్పులు, మందపాటి అద్దాలు. విన్నదంతా విని ఒక్కటే అడిగింది.

"కౌన్ పఢేగా? ఎవరు సదువుతరు?"

"రాజన్న శేటే అస్తుండు."

"అచ్ఛా. సునేంగే."

"వినేదేముందమ్మా? పొద్దుగాలనే బస్సున్నది" అన్నాడు జోగిందర్.

"ఇంకో బస్సుండదా?" అందావిడ. పరుపుచుట్టలు మాత్రం విప్పలేదు.

ఓటు పొద్దు

కోమట్ల గల్లీలోకి నా రిక్షా తిరిగింది. భావూసాహెబ్ మనిషి ఒకడు వెనక సైకిల్ మీద వస్తున్నాడు కాబట్టి చెప్పినట్టే హల్గీ కొట్టాను. అప్పుడే తెరుస్తున్న షట్టర్లు సగంలో ఆగాయి, మళ్లీ దిగాయి. నేను నోరు తెరిచేలోపలే గల్లీ ఖాళీ. "బడిలో పోలింగు మొదలైంది, తప్పకుండా రండి" అని తెలుగులో, మరాఠీలో, దక్కనీలో చెప్పాను. ఒక కుక్క విన్నది.

పై అంతస్తు కిటికీ కొంచెం తెరుచుకుంది. లక్ష్మీపతి శేట్.

"ఏంది పండిత్, ఎక్కడ పెట్టిన్రు?"

"ఏం పెట్టలె శేట్. ఓటెయ్యుమని చెప్తున్న."

"గదే, ఎక్కడ? బడి దగ్గర్నా?"

"బడి దగ్గర్నే. డబ్బలు పెట్టిన్రు, పోయి ఓటెయ్యాలె!"

"డబ్బలా!"

"ఓటు డబ్బలు శేట్! బాంబు కాదు, ఓటు!"

"ఓటైతె హల్గీ ఎందుకు గొడ్తవ్? నన్ను ఎర్రోన్ని జేస్తున్నవా?" అని కిటికీ మూసుకున్నాడు. లోపల నుంచి భార్య గొంతు వినబడింది. "సభల పాణమిస్తనన్నరు కద?" దానికి ఆయన ఏమన్నాడో వినబడలేదు. కిటికీ తలుపు మందంగా ఉంది.

నాలుగు వైపులా అదే కథ. సైకిల్ మీద వచ్చినవాడు కూడా మధ్యలో ఎక్కడో తప్పుకున్నాడు. నేను రిక్షాను సర్దార్ల గల్లీ వైపు తిప్పమన్నాను.

అక్కడ, మా సర్వీసుకే రిక్షా తొక్కే ఇస్మాయిల్ చాచా బండిలో మా రాజన్న శేట్ హారన్ కింద కూర్చుని చదువుతున్నాడు. తక్కెడ ముందు తప్ప ఎక్కడా గొంతెత్తని మనిషి. పైగా ఆయన దక్కనీ, గోధుమపిండిలో రాళ్లలాగా ఉంటుంది. "ఖత్రా హై... బాహర్ నక్కో నికలో... బుడ్డే లోగాం ఘర్‌లోచ్ రహో..." కొన్ని తలుపులు నిజంగానే మూసుకున్నాయి. జోగిందర్ వాకిట్లో పరుపుచుట్టల పక్కన నిలబడి ఉన్నాడు.

మాజీ కర్ర పొడుచుకుంటూ వచ్చి రిక్షా ముందు నిలబడింది.

"రాజన్నా, గంత ఖత్రా ఉన్నదా?"

"బహుత్ హై మాజీ. పోలీసోళ్లు చెప్పిన్రు."

"బయట తిరుగొద్దా?"

"అస్సలు వద్దు."

"మరి నువ్వెందుకు తిరుగుతున్నవ్? నీకు పెళ్లాం పిల్లలు లేరా?"

మా శేట్ కాగితం వైపు చూశాడు. వెనక వైపు తిప్పి కూడా చూశాడు. మైకు ఆపడం ఆయనకు తెలియదు. అందుకని ఆయన గుటకలు మింగడం కూడా గల్లీ అంతా వినబడింది. మూసుకున్న తలుపుల వెనక ఎవరో నవ్వారు. ఒక తలుపు తెరుచుకుంది.

"దిగు. నాకు మోకాళ్లు నొస్తున్నయి" అందామె. "ఇస్మాయిల్, బడికి పోనియ్యి."

ఇస్మాయిల్ చాచా శేట్ హుకుం కోసం ఆగలేదు. మాజీ హారన్ కింద ఎక్కి కూర్చుంది. రాజన్న శేట్ తన యాంప్లిఫయర్‌ను వదల్లేక రిక్షా వెనకే నడవడం మొదలుపెట్టాడు. దుకాణదారు శేటే పక్కన నడుస్తుంటే ఇక భయం లేదనుకున్నారో ఏమో, ఒక్కొక్కరే ఇళ్లలోంచి వచ్చి కలిశారు. జోగిందర్ అందరికంటే వెనక వచ్చాడు.

బడి దగ్గర వరుస చిన్నదే. వీళ్లు చేరగానే ముందున్నవాళ్లు జరిగారు. జోగిందర్‌కూ ముందు మనిషికీ నడుమ ఒక మనిషి పట్టేంత ఖాళీ ఏర్పడింది, వరుస కదులుతుంటే అదీ కదిలింది. రాళ్లకంటే ఆ ఖాళీని చూస్తే నాకు ఎక్కువ అసహ్యం వేసింది. కానిస్టేబుల్ మాజీ చేతిసంచి ఒక్కటే విప్పించాడు. రుమాలు, అద్దాల డబ్బా, మందుసీసా. సీసాను చెవి దగ్గర ఊపి విన్నాడు.

"తాగి చూడు బేటా, మోకాళ్ల మందు" అందామె. "ఊపితె పేలదు, చేదుగుంటది."

జోగిందర్ వెనక్కి తిరిగి గేటు వైపు చూశాడు. "పోదామా అమ్మా?" అన్నాడు మెల్లగా.

"పోతె పో. నాకైతె ఇంక దగ్గర్నే ఉన్నది."

ఆయన పోలేదు. లోపలికి పోయి, వేలి మీద సిరాతో బయటికొచ్చాడు.

దీని అర్థం

భావూసాహెబ్ ఓడిపోయాడు. పెద్ద తేడాతో కాదు. కోమట్ల గల్లీ సగమైనా కదిలి ఉంటే గెలిచేవాడు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినడు. బాంబులోళ్ల మనుషులంతా ఒక్కటై ఓడగొట్టారని ఆయన చెప్పుకున్నాడు. ఒక పత్రిక దాన్ని అచ్చువేసింది కూడా. ఆ పత్రికవాడు ఓటు రోజు మా వార్డులోకి అడుగు పెట్టలేదు. సర్దార్ల గల్లీ ఎవరికి వేసిందో తెలుసుకోవాలంటే ఆ గల్లీలో ఒకరిని అడగాలి. ఆ శ్రమ ఎవరూ పడలేదు.

నేను చూసింది చెబుతాను. బాంబు తర్వాత పుట్టే కోపానికి తోడు కావాలి, అందుకే అది సభకు వస్తుంది. నలుగురి మధ్య అరిస్తే దాని పని అయిపోతుంది. ఓటు దగ్గర మనిషి అట్టల చాటున ఒంటరిగా నిలబడాలి, అక్కడ చప్పట్లు లేవు. భయానికి తోడు అక్కర్లేదు, గోడ కావాలి. నాయకుడు కోపాన్ని చూసి లెక్క వేసుకుంటాడు, భయాన్ని పోసి వాడుకుంటాడు. అది తను అనుకున్న గల్లీలోనే ఆగుతుందని నమ్ముతాడు. హారన్‌కు వార్డు హద్దులు తెలియవు.

ఇంకో భయం కూడా ఉంది. అది నేను పుస్తకాల్లో చదవలేదు, జోగిందర్‌లో చూశాను. ప్రాణం పోతుందని కాదు, ఇక్కడ తన చోటు పోతుందని. అది మనిషిని ఇంట్లో కూర్చోనివ్వదు. అలాగని అందరినీ లేపుతుందనీ చెప్పను. ఆ ముందు సాయంత్రం మాజీ ఇంకో బస్సు ఉండదా అనకపోయి ఉంటే, జోగిందర్ నిజామాబాద్‌లో కాయిల్స్ చుట్టుకుంటూ ఉండేవాడు.

ఫలితాలు వచ్చిన మర్నాడు పొద్దున వాళ్లింటికి పోయాను. పరుపులు విప్పి ఎండలో వేశారు. భావూసాహెబ్ ఏమంటున్నాడో చెప్పాను, అందరూ ఒక్కటై ఓడగొట్టారంటున్నాడని. జోగిందర్ తల్లి వైపు చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"గంగారాం భాయ్, మాజీ ఓటు ఎవరికేసింది తెలుసా? భావూసాహెబ్‌కే!"

నేను నమ్మలేదు.

"పోయిన ఎండకాలం మా గల్లీల నల్లా పెట్టిచ్చిండు కద" అంది మాజీ. "ఓటేస్తనన్న. అన్నంక ఎయ్యాలె. ఈడ చానమంది గట్లనే ఏసిన్రు."

"నిన్ను భయపెట్టుమని రాజన్నను తోలింది గూడ ఆయనే కద మాజీ?"

"అది అలగ్ సంగతి బేటా. నల్లాకు ఓటు. భయపెట్టినందుకు మాటలు." కర్ర అందుకుంది. "చల్, ఆయన ఇల్లు చూపియ్యి."

ముగ్గురం పోయాం. తోవలో జోగిందర్ రెండుసార్లు వద్దమ్మా అన్నాడు, ఆమె నడక ఆపలేదు. భావూసాహెబ్ ఇంటి ముందు గడప అవతల ఆయన చెప్పులు ఉన్నాయి. పనిమనిషి తలుపు సందులోంచి తల పెట్టి, సాహెబ్ ఊళ్లో లేడు, ఎప్పుడొస్తాడో తెలియదు అంది. పైన కిటికీ తెర ఒకటి కదిలి ఆగింది.

మాజీ అద్దాలు సరిచేసుకుని ఆ తెర వైపు చూసింది. ఆమె గొంతుకు మైకు అవసరం లేదని నాకు అప్పుడే తెలిసింది.

"బయటికి రా బేటా" అంది. "ఏం ఖత్రా లేదు."